సొరోరిటీ చాప్టర్లకు ఆల్ఫా, బీటా పేర్లు ఎలా వచ్చాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. టెక్సాస్‌లో రెండో సంవత్సరం చదువుతున్న మీ అమ్మాయి ఈ మధ్య ఒక సొరోరిటీలో, అంటే కళాశాల విద్యార్థినుల సంఘంలో, చేరింది. ఆ సంఘం పేరులోనే మూడు గ్రీకు అక్షరాలు ఉండగా, తమ కళాశాలలోని శాఖ ‘బీటా గామా చాప్టర్’ అంటూ ఆమె మళ్లీ రెండు అక్షరాలు చెబుతోంది. అదే సంఘంలో ఉన్న ఆమె స్నేహితురాలు వేరే ఊళ్లో చదువుతోంది, వాళ్లది ఒక్క అక్షరంతో ‘థీటా చాప్టర్’. ఈ పేర్లు ఎవరు పెడతారు, వాటికి అర్థం ఏమైనా ఉందా, ఒంటి అక్షరం వాళ్లది పై మెట్టు, జంట అక్షరాల వాళ్లది కింది మెట్టు అనుకోవాలా అని అడిగారు.

నేను అమెరికాలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో, పాత దస్తావేజులను భద్రపరిచే విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంత జీవితం గడుపుతున్నాను. విద్యార్థి సంఘాలు మాకు అప్పగించిన మినిట్స్ పుస్తకాలను, సభ్యుల పట్టికలను, చార్టర్ పత్రాలను (చాప్టర్ పెట్టుకోవడానికి సంఘం ఇచ్చే అనుమతి పత్రాలను) సర్ది, జాబితా రాసి పెట్టడం నా పనిలో ఒక భాగంగా ఉండేది కాబట్టి ఈ పేర్లతో నాకు బాగానే పరిచయం ఉంది. మెట్ల సంగతి ముందే చెప్పేస్తాను: అలాంటిదేమీ లేదు. ఒంటి అక్షరం ఉన్న చాప్టర్ చాలా సందర్భాల్లో ముందు పుట్టినది, జంట అక్షరాలది తరువాత పుట్టినది, అంతే. అయితే ‘చాలా సందర్భాల్లో’ అన్న మాటలోనే అసలు కథ ఉంది, అందుకే ఈ సమాధానం కాస్త పొడవుగా సాగుతుంది.

ముందుగా రెండు పేర్లను విడదీసి చూడాలి. సొరోరిటీ పేరు మన ఇంటిపేరు లాంటిది, చాప్టర్ పేరు ఆ ఇంట్లో పుట్టిన ఒక్కొక్క బిడ్డకు పెట్టిన పేరు లాంటిది. ఇంటిపేరు వెనుక సాధారణంగా ఒక గ్రీకు వాక్యం దాగి ఉంటుంది. ఆ వాక్యంలోని పదాల తొలి అక్షరాలే సంఘం పేరవుతాయి, వాక్యం మాత్రం సభ్యులకు తప్ప బయటివారికి చెప్పరు. కాబట్టి సంఘం పేరుకు అర్థమేమిటని మీరు మీ అమ్మాయిని అడిగితే ఆమె నవ్వి ఊరుకుంటుంది, దానికి నొచ్చుకోనక్కరలేదు. చాప్టర్ పేరులో మాత్రం రహస్యం ఉండదు. అది ప్రధానంగా వరుస సంఖ్య, మనం బడిలో సెక్షన్లకు ఏ, బి, సి అని పెట్టుకున్నట్టే.

ఇక గ్రీకే ఎందుకన్నది. 1776 డిసెంబరు 5న, అంటే అమెరికా స్వాతంత్ర్య ప్రకటన వెలువడిన ఐదు నెలలకు, వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్‌లో విలియం అండ్ మేరీ కళాశాల విద్యార్థులు కొందరు ఫై బీటా కప్పా అనే సంఘం పెట్టుకున్నారు. అంతకుముందే అదే కళాశాలలో ఎఫ్.హెచ్.సి., పి.డి.ఎ. అనే పొడి అక్షరాల సంఘాలు ఉండేవి, అవి లాటిన్ లిపి అక్షరాలు. కొత్త సంఘం వారు ఒక మెట్టు పైకెళ్లి గ్రీకును పట్టుకున్నారు. ‘ఫిలొసొఫియా బియూ కుబెర్నేతేస్’ అన్నది వారి సూక్తి, జ్ఞానం మీది ప్రేమే జీవితానికి చుక్కాని పట్టేదని దాని భావం. ఆ మూడు పదాల మొదటి అక్షరాలే ఫై, బీటా, కప్పా. ఆనాటి కళాశాలల్లో గ్రీకు, లాటిన్ రాకపోతే ప్రవేశమే కష్టం. మన దగ్గర ఒకప్పుడు సంస్కృతం వచ్చినవాడికే పండిత సభలో చోటు దొరికినట్టు, అక్కడ గ్రీకు చదువుకున్నవాడి ముద్ర. పైగా బయటివాడికి ఆ అక్షరాలు అంతుపట్టవు కనుక గుట్టు కూడా దక్కుతుంది.

చాప్టర్లకు అక్షరాలతో పేర్లు పెట్టే అలవాటు కూడా ఈ సంఘం తొలిరోజుల్లోనే మొదలైంది. 1780ల ఆరంభానికే యేల్‌లోను, హార్వర్డ్‌లోను దాని శాఖలు వెలిశాయి. విలియం అండ్ మేరీలోనిది ‘ఆల్ఫా ఆఫ్ వర్జీనియా’, యేల్‌లోనిది ‘ఆల్ఫా ఆఫ్ కనెక్టికట్’, హార్వర్డ్‌లోనిది ‘ఆల్ఫా ఆఫ్ మసాచుసెట్స్’ అని పేర్లు స్థిరపడ్డాయి. అంటే ప్రతి రాష్ట్రంలోను మొదటిది ఆల్ఫాయే, ఆ రాష్ట్రంలోనే రెండోది పుడితే బీటా. రాష్ట్రాన్ని లెక్కలోకి తీసుకోకుండా దేశం మొత్తానికి ఒకే వరుస నడిపే పద్ధతి తరువాత వచ్చిన సంఘాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రెండు పద్ధతులూ ఇప్పటికీ బతికే ఉన్నాయి కనుక వాటి తేడా గుర్తుంచుకోండి.

ఇదంతా మగపిల్లల లోకం. ఆడపిల్లల సంగతి వేరు. జార్జియాలోని మేకన్ పట్టణంలో వెస్లియన్ మహిళా కళాశాలలో 1851లో అడెల్ఫియన్ అనే సంఘం, మరుసటి ఏడాది ఫిలొమాథియన్ అనే సంఘం పుట్టాయి. గ్రీకులో ‘అడెల్ఫే’ అంటే సోదరి, ‘ఫిలొమాథెస్’ అంటే విద్యను ప్రేమించేవారు. పేర్లు గ్రీకు పదాల నుంచి వచ్చినవే కానీ అక్షరాలుగా విడగొట్టినవి కావు. అర్ధశతాబ్దం గడిచాక, 1904లో ఫిలొమాథియన్ సంఘం ఫై మ్యూగా మారింది. ఆ మరుసటి ఏడాది అడెల్ఫియన్ సంఘం ఆల్ఫా డెల్టా ఫై అని పేరు మార్చుకుంది, కానీ అదే పేరుతో మగపిల్లల సంఘం ఒకటి 1832 నుంచీ ఉంది. చివరికి 1913లో ఫై తీసి పై పెట్టుకుని ఆల్ఫా డెల్టా పై అయింది. తెలుగులో రాస్తే ఒత్తు తేడాయే కదా అనిపిస్తుంది, కానీ కోటు మీద కుట్టించుకున్న అక్షరం మారితే కోటు మార్చాల్సిందే.

మొదటినుంచీ గ్రీకు అక్షరాలనే పేరుగా పెట్టుకున్న తొలి మహిళా సంఘం కప్పా ఆల్ఫా థీటా. ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్‌కాసిల్ పట్టణంలో, ఇప్పుడు డిపా విశ్వవిద్యాలయంగా పిలుస్తున్న కళాశాలలో, 1870 జనవరి 27న బెట్టీ లాక్ అనే విద్యార్థిని మరో ముగ్గురితో కలిసి దీన్ని స్థాపించింది. అక్కడి మగపిల్లల సంఘం ఒకటి తమ బ్యాడ్జి పెట్టుకోమని ఆమెను కోరింది కానీ సభ్యత్వం మాత్రం ఇవ్వనంది. సభ్యత్వం లేని బ్యాడ్జి తనకెందుకని ఆమె సొంత సంఘం పెట్టుకుంది. ఫై బీటా కప్పా అప్పటికి ఒక్క స్త్రీని కూడా చేర్చుకోలేదు, తొలిసారి చేర్చుకున్నది 1875లో, వెర్మాంట్‌లో. అటువంటి రోజుల్లో ఆడపిల్లలు గ్రీకు అక్షరాలు ధరించడం అలంకారం కోసం కాదని, మీరు చదివిన చదువు మేమూ చదివామని చెప్పడమేనని నా అభిప్రాయం. ‘సొరోరిటీ’ అనే మాట కూడా అప్పటికి లేదు, అందుకే ఆ తొలి సంఘాలు మగపిల్లల సంఘాలకు వాడే ‘ఫ్రటర్నిటీ’ అనే మాటతోనే తమను మహిళా ఫ్రటర్నిటీలని చెప్పుకున్నాయి, కొన్ని ఇప్పటికీ చట్టబద్ధమైన పేరులో అదే మాట వాడుతున్నాయి. లాటిన్‌లో సోదరి అనే అర్థమిచ్చే ‘సొరోర్’ నుంచి ఆ కొత్త మాటను సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో లాటిన్ బోధించిన ఫ్రాంక్ స్మాలీ, గామా ఫై బీటా సభ్యురాళ్ల కోసం 1882లో తయారుచేసి ఇచ్చారు.

ఇప్పుడు మీ అమ్మాయి చాప్టర్ దగ్గరికి వద్దాం. సంఘం పుట్టిన చోటు ఆల్ఫా, రెండో కళాశాలలో పెట్టినది బీటా, అలా ఒమెగా వరకు సాగడం మామూలు పద్ధతి. గామా ఫై బీటానే చూడండి: 1874లో సిరక్యూస్‌లో ఆల్ఫా, 1882లో మిషిగన్‌లో బీటా, 1885లో విస్కాన్సిన్‌లో గామా, 1887లో బోస్టన్‌లో డెల్టా, 1888లో నార్త్‌వెస్టర్న్‌లో ఎప్సిలాన్. గ్రీకు అక్షరమాలలో ఉన్నవి ఇరవై నాలుగే. ఇరవై అయిదో చాప్టర్ పుట్టగానే చిక్కు వస్తుంది. దీనికి వాళ్లు కనుక్కున్న ఉపాయం మనకు కొత్తది కాదు. హైదరాబాద్‌లో బండ్ల రిజిస్ట్రేషన్ నంబర్లలో ఒంటి అక్షరాల సిరీస్ అయిపోయాక జంట అక్షరాలు వేసినట్టే, ఒమెగా తరువాత ఆల్ఫా ఆల్ఫా, ఆల్ఫా బీటా, ఆల్ఫా గామా అని మొదలుపెడతారు. అవి ముగిస్తే బీటా ఆల్ఫా, బీటా బీటా, బీటా గామా. కొన్ని సంఘాలు ఆల్ఫా జంటలను వదిలి నేరుగా బీటా ఆల్ఫాతో మొదలుపెట్టాయి, కప్పా కప్పా గామాది ఆ దారి. ఒంటివి 24, జంటవి 576, మొత్తం 600 పేర్లు వస్తాయి కనుక చాలా సంఘాలకు ఇవి సరిపోతాయి. ఆల్ఫా జంటలు కూడా వాడిన సంఘమైతే బీటా గామా అంటే లెక్క ప్రకారం యాభై ఒకటోది: ఒంటివి ఇరవై నాలుగు, ఆల్ఫా జంటలు ఇరవై నాలుగు, ఆపైన మూడోది. మీ అమ్మాయి చాప్టర్ గురించి అక్షరాలు చెప్పేది ఇంతే.

లెక్క ఇంత నేరుగా ఎప్పుడూ కుదరదు. సిగ్మా కప్పా ఉదాహరణ నాకు అన్నిటికంటే ఇష్టం. మెయిన్ రాష్ట్రంలోని కోల్బీ కళాశాలలో 1874లో, ఆ కళాశాలలో అప్పటికి ఉన్న అయిదుగురు విద్యార్థినులు దీన్ని స్థాపించారు. సభ్యుల సంఖ్య ఇరవై అయిదు దాటకూడదని నియమం పెట్టుకున్నారు. కాలక్రమంలో ఇరవై అయిదు నిండిపోయాయి. చేరాలని వచ్చే అమ్మాయిలు ఆగలేదు. నియమం తప్పకుండా అమ్మాయిలను చేర్చుకోవాలంటే మార్గం ఒక్కటే అని, అదే కళాశాలలో, అదే ఆవరణలో రెండో చాప్టర్ పెట్టి బీటా అన్నారు. అది కూడా నిండాక గామా వచ్చింది. అంటే ఒకే ఊళ్లో ఒకే సంఘానికి మూడు చాప్టర్లన్న మాట. మనవాళ్లు ఒకే బడిలో పదో తరగతి ఏ, బి, సి సెక్షన్లు పెట్టినట్టుంది కదా! చివరికి 1893లో, ఇకపై కొత్తవారిని ఆల్ఫాలోకే తీసుకోవాలని, మిగతా రెండింటిని ఉన్నవారు వెళ్లిపోయేదాకా ఉంచి వదిలేయాలని తీర్మానించారు. ఫలితంగా 1904లో బోస్టన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన చాప్టర్, సంఘం అడుగుపెట్టిన రెండో కళాశాలలోనిదే అయినా, దాని పేరు డెల్టా. అక్షరాన్ని చూసి నాలుగో కళాశాల అనుకుంటే పప్పులో కాలు వేసినట్టే.

వరుసను తలకిందులు చేసినవారూ ఉన్నారు. కై ఒమెగా 1895లో ఆర్కాన్సా విశ్వవిద్యాలయంలో పుట్టింది. దాని తొలి చాప్టర్ పేరు ఆల్ఫా కాదు, సై. అక్షరమాలలో చివరి నుంచి రెండోది. అక్కడి నుంచి వెనక్కి నడిచి మిసిసిపీలో టౌ, టెనెసీలో పై అని పెట్టుకుంటూ పోయారు. తెలియని వాడు సై చాప్టర్‌ను ఇరవై మూడోదనుకుని పక్కన పెడతాడు, తీరా అది మూలపుటమ్మ. ఆల్ఫా ఒమిక్రాన్ పై వారిది మరో తీరు. 1897లో న్యూయార్క్‌లోని బర్నార్డ్ కళాశాలలో పుట్టినప్పుడు ఆల్ఫాతోనే మొదలుపెట్టారు కానీ, మరుసటి ఏడాది న్యూ ఆర్లియన్స్‌లోని న్యూకమ్ కళాశాలలో వచ్చిన రెండో చాప్టర్‌కు పై అని, ఆ తరువాత న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో వచ్చినదానికి న్యూ అని, టెనెసీలో వచ్చినదానికి ఒమిక్రాన్ అని పేరు పెట్టారు. ఇక్కడ వరుస లేదు, ఎంపిక ఉంది. ఆల్ఫా, ఒమిక్రాన్, పై మూడూ సంఘం పేరులోని అక్షరాలేనని మీరే గమనించి ఉంటారు. బండి సిరీస్‌తో పోల్చాను కనుక, ఇది ఫ్యాన్సీ నంబరు కోరుకోవడం లాంటిదని చెప్పవచ్చు.

పై బీటా ఫై వారు మాత్రం రాష్ట్రాల పద్ధతినే పట్టుకున్నారు. ఇలినాయ్‌లోని మాన్‌మత్ కళాశాలలో 1867లో పన్నెండు మంది అమ్మాయిలు ఐ.సి. సొరోసిస్ అనే పేరుతో ప్రారంభించిన ఈ సంఘం 1888లో గ్రీకు పేరు తీసుకుంది. మాన్‌మత్‌లోనిది ఇలినాయ్ ఆల్ఫా, స్టాన్‌ఫర్డ్‌లోనిది కాలిఫోర్నియా ఆల్ఫా, బర్క్‌లీలోనిది కాలిఫోర్నియా బీటా, ఆస్టిన్‌లోనిది టెక్సాస్ ఆల్ఫా. ఇందులో ఒక సౌకర్యం ఉంది, పేరు వినగానే ఊరు కాకపోయినా రాష్ట్రం తెలుస్తుంది. నష్టం కూడా ఉంది, ఆల్ఫాలు డజన్ల కొద్దీ ఉంటాయి కనుక ఏది ముందు పుట్టిందో అక్షరం చెప్పదు.

మూతపడిన చాప్టర్ల సంగతి ఇంకా ఆసక్తికరం. కళాశాల యాజమాన్యం సంఘాలను నిషేధించవచ్చు, సభ్యులు చాలక చాప్టరే చార్టర్‌ను తిరిగి ఇచ్చేయవచ్చు. స్టాన్‌ఫర్డ్ 1944లో సొరోరిటీలన్నిటినీ నిషేధించింది. అప్పుడు ఆ అక్షరం ఏమవుతుంది? మామూలుగా దాన్ని వేరే కళాశాలకు ఇవ్వరు, ఖాళీగా ఉంచుతారు, ఎప్పటికైనా తిరిగి తెరిస్తే పాత పేరే దక్కాలని. మాన్‌మత్ కళాశాలలోనే దీనికి రెండు రకాల ముగింపులు పక్కపక్కనే కనిపిస్తాయి. పై బీటా ఫై, కప్పా కప్పా గామా రెండూ ఆ కళాశాలలోనే పుట్టాయి, రెండింటి తొలి చాప్టర్లూ 1880లలో మూతపడ్డాయి. 1928లో పై బీటా ఫై తిరిగి వచ్చినప్పుడు ఇలినాయ్ ఆల్ఫా అనే పాత పేరునే తీసుకుంది. 1934లో కప్పా కప్పా గామా తిరిగి వచ్చినప్పుడు మాత్రం ‘ఆల్ఫా డ్యూటెరాన్’ అని పెట్టుకుంది. గ్రీకులో ‘డ్యూటెరాన్’ అంటే రెండవది. తాత పేరు మనవడికి యథాతథంగా పెట్టడానికి, చిన్న అని చేర్చి పెట్టడానికి ఉన్న తేడా ఇది. నా మట్టుకు రెండోదే నిజాయతీగా తోస్తుంది, మధ్యలో తెగిన నలభై, యాభై ఏళ్లను అది దాచదు.

మా విభాగానికి ఒకసారి ఒక విద్యార్థిని వచ్చి, తమ చాప్టర్ అక్షరాన్ని బట్టి అది ఏడో చాప్టర్ అని, కాబట్టి సంఘం పుట్టిన కొద్ది ఏళ్లలోనే తమది మొదలై ఉండాలని, ఆ వార్షికోత్సవానికి పాత ఫొటోలు కావాలని అడిగింది. మినిట్స్ పుస్తకం తెరిచి చూస్తే మొదటి పేజీలో ఉన్న తేదీ ఆమె అనుకున్నదానికి చాలా తరువాతది. అంతకుముందు అక్కడే స్వతంత్రంగా నడిచిన ఒక స్థానిక సంఘం ఈ జాతీయ సంఘంలో కలిసినప్పుడు, చాలాకాలంగా ఖాళీగా పడి ఉన్న అక్షరాన్ని దానికి ఇచ్చారు. పాపం ఆ పిల్ల ముఖం వాడిపోయింది కానీ, పుస్తకం వెనుక అట్టకు అంటించి ఉన్న స్థానిక సంఘం సభ్యుల ఫొటో చూశాక తేరుకుంది. ఖాళీ అక్షరాన్ని మళ్లీ వాడకూడదన్నది సంప్రదాయమే గానీ ఎక్కడా తిరుగులేని చట్టం కాదని నాకు ఆ రోజు తెలిసింది.

నల్లజాతి విద్యార్థినులు స్థాపించిన సంఘాల్లో ఇంకో వివరం చూడాలి. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1908లో పుట్టిన ఆల్ఫా కప్పా ఆల్ఫా, చదువు ముగిశాక కూడా సభ్యత్వం జీవితాంతం చురుకుగా సాగాలని కోరుకునే సంఘం. చదువుతున్నవారి చాప్టర్లు, పట్టభద్రుల చాప్టర్లు వేర్వేరుగా ఉంటాయి. ఈ రెండూ కలిసిపోకుండా పట్టభద్రుల చాప్టర్ల పేర్లన్నీ ఒమెగాతో ముగిసేలా చేశారు. హోవర్డ్‌లోని విద్యార్థినులది ఆల్ఫా చాప్టర్ (కమలా హారిస్ చేరింది అందులోనే), అదే వాషింగ్టన్ నగరంలోని పట్టభద్రులది క్సై ఒమెగా, హ్యూస్టన్ పట్టభద్రులది ఆల్ఫా కప్పా ఒమెగా. మొత్తం చాప్టర్లు వెయ్యి దాటిన సంఘం కనుక మూడు అక్షరాల పేర్లు తప్పలేదు. 1913లో అదే హోవర్డ్‌లో పుట్టిన డెల్టా సిగ్మా థీటా మాత్రం పట్టభద్రుల చాప్టర్లను నగరాల పేర్లతోనే పిలుస్తుంది, నాకు అది తేలికగా అనిపిస్తుంది. ఇక మగపిల్లల సంఘమైన ఆల్ఫా ఫై ఆల్ఫాలో ‘ఒమెగా చాప్టర్’ అంటే ఏ ఊళ్లోనూ ఉండదు. మరణించిన సభ్యులు అందులో చేరారని చెబుతారు. అందుకే ఒంటరి ఒమెగా పేరు వినిపిస్తే అది ఏ సంఘానిదో తెలుసుకోకుండా ఏ ఊరిదని అడగకండి.

మన పిల్లలకు దగ్గరి కథ ఇటీవలిది. దక్షిణాసియా కుటుంబాల అమ్మాయిల కోసం మొదలైన సొరోరిటీలు 1998 నవంబరు, డిసెంబరు నెలల్లో వరుసగా పుట్టాయి: టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో డెల్టా ఫై ఒమెగా, న్యూయార్క్‌లోని సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో. రెండున్నర శతాబ్దాల నాడు విలియమ్స్‌బర్గ్‌లో మొదలైన పద్ధతినే వీరూ పట్టుకుని, పుట్టిన చోటును ఆల్ఫా అన్నారు. అంతకు నాలుగేళ్ల ముందు బింగమ్టన్‌లో పుట్టిన మగపిల్లల సంఘం పేరు అయోటా న్యూ డెల్టా. ఆ మూడింటికి సరిపోయే ఇంగ్లీషు అక్షరాలు ఐ, ఎన్, డి కలిపి చదివి చూడండి. మీ అమ్మాయి చేరినది ఇటువంటి సంఘమైతే, ఇవి పాతికేళ్ల వయసువే కనుక, ఒంటి అక్షరానికి, జంట అక్షరానికి మధ్య తేడా కొద్ది సంవత్సరాలే ఉండవచ్చు.

ఒక చిన్న హెచ్చరిక, ఉచ్చారణ గురించి. మనం లెక్కల పుస్తకంలో బీటా, థీటా, జీటా అని నేర్చుకున్నాం, నేనూ ఇక్కడ అలాగే రాశాను. అమెరికా కళాశాలల్లో అవి బేటా, థేటా, జేటా అవుతాయి. కై అక్షరం ఇంగ్లీషు ఎక్స్‌లా, రో అక్షరం ఇంగ్లీషు పీలా కనిపిస్తాయి కాబట్టి అమ్మాయి స్వెట్‌షర్టు మీది అక్షరాలను ఇంగ్లీషులా చదివితే ఆమె స్నేహితుల ముందు మీరు దొరికిపోతారు.

మీ అమ్మాయి చాప్టర్ నిజంగా ఎప్పుడు పుట్టిందో తెలుసుకోవాలంటే అక్షరాన్ని లెక్కపెట్టకుండా చార్టర్‌ను చూడమనండి. చాప్టర్‌కు సొంత ఇల్లు ఉంటే అది సాధారణంగా ముందు గదిలో, చట్రం కట్టించి గోడకు తగిలించి ఉంటుంది. దానిమీద సంఘం ముద్ర, ఆ చాప్టర్‌ను ప్రారంభించిన అమ్మాయిల పేర్లు, ప్రారంభించిన తేదీ ఉంటాయి. తేదీ కింద చిన్న అక్షరాలతో మరో తేదీ కనిపిస్తే అది తిరిగి తెరిచిన రోజు.